వానకొలతలో చేపపిల్ల

మేడ్చల్‌లో అందరూ నమ్మే మాట ఒకటుండేది. శనివారం సాయంత్రం రేడియో నాటకంలో వాన కురిస్తే, మూడు రోజులు తిరిగేలోగా షామీర్‌పేట చెరువు మీద వాన పడి తీరుతుందని.

ఆ మాట ఎవరు పుట్టించారో ఎవరికీ తెలియదు. స్టేషను దగ్గరి శంకరయ్య హోటల్లో, బ్యాటరీతో నడిచే రేడియో పెట్టెలో ఉరుము ఉరిమితే చాలు, అరుగు మీది రైతులు లేచి నిలబడి పడమటి దిక్కు చూసేవారు. గంగమ్మ ఎండబెట్టిన మిరపకాయలు ఎత్తి లోపల పెట్టేది. మొగులయ్య ఇంటి మీదికెక్కి పెంకులు సర్దుకునేవాడు. కుత్బుల్లాపూర్ నుంచి పని మీద వచ్చిన ఒక పెద్దమనిషి, చాయ్ తాగుతూ రేడియోలో చినుకులు విని, పక్క దుకాణంలో గొడుగు కొనుక్కొని మరీ బండెక్కాడని చెప్పుకునేవారు.

ఇది 1946 నాటి సంగతి. ఈ మాటను నమ్మని మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కడే ఉండేవాడు. వానను కొలిచే ఉద్యోగం అతనిదే.

అతని పేరు సత్యానందం. మచ్చ బొల్లారం వాడు, ఇరవై ఆరేళ్ళ వాడు. ఇంటర్మీడియట్‌లో సైన్సు చదివి, షామీర్‌పేట చెరువు కట్ట మీద వానకొలత గుమాస్తాగా నాలుగేళ్ళ కిందట చేరాడు. ఉండేది షామీర్‌పేటలోనే, పెద్దమ్మ సారమ్మ ఇంట్లో. కట్ట మీద, కంచె లోపల, మోకాలెత్తు డబ్బా ఒకటుంటుంది. దాని నోట్లో గరాటు, గరాటు కింద సీసా. ప్రతి ఉదయం ఎనిమిది గంటలకు సీసాలోని నీటిని గీతల గ్లాసులో పోసి, అంగుళంలో నూరో వంతు దాకా చూసి పుస్తకంలో రాయాలి. ఆ నూరో వంతును సెంటు అంటారు. వాన లేని రోజు సున్నా వేయాలి. ఏడాదిలో ఎక్కువ రోజులు సత్యానందం సున్నాలే వేసేవాడు. కానీ ఆ సున్నాను చంద్రబింబంలా గుండ్రంగా వేసేవాడు.

ప్రతి శనివారం సాయంత్రం అతను సైకిలెక్కి మేడ్చల్ వచ్చి, శంకరయ్య హోటల్లో కూర్చొని రేడియో వినేవాడు. చేతిలో ఒక చిన్న నోటుపుస్తకం. అందులో రెండు గడులు: రేడియోలో వాన పడిందా, చెరువు మీద వాన పడిందా.

“మల్ల రాస్తున్నవా సారూ?” అన్నాడు శంకరయ్య చాయ్ కప్పు ముందు పెడుతూ. “రేడియోల వాన పడ్డది. ఇగ రేపో మాపో నీ డబ్బ నిండుతది.”

“ఇది వానకాలం శంకరయ్యా. రేడియోల పడకున్నా పడ్తది.”

“గట్లయితే పోయిన సోమారం ఎందుకు పడ్డది?”

“వానకాలం గనుక.”

“గదేంది! నేను రెండు తీర్ల అడిగిన, నువ్వు ఒక్కటే జవాబు చెప్తివి.”

అరుగంతా నవ్వింది. సత్యానందానికి కోపం రాలేదు, పట్టుదల వచ్చింది. ఆ వారమే నగరంలోని రేడియో వారికి మర్యాదగా ఒక జాబు రాశాడు.

తరువాతి శనివారం ఉత్తరాల కార్యక్రమంలో ఒక అమ్మాయి ఆ జాబును చదివింది. ఆమె గొంతులో ఎప్పుడూ నవ్వు ఒకటి తొంగిచూస్తూ ఉండేది.

“షామీర్‌పేట నుంచి వానను కొలిచే ఒక సోదరుడు ఇలా రాస్తున్నారు: ‘పోయిన వారపు నాటకంలో మీరు కురిపించినది వాన కాదు, చేటలో పోసిన జొన్నలు. అవి కూడా ఎండిన జొన్నలు. మీ వానలో తడి లేదు. ప్రజలు దీనిని నమ్మి విత్తనాలు చల్లుకోవడం విచారకరం.’” కాగితం మడిచిన చప్పుడు వినిపించింది. “సోదరునికి మా జవాబు. అవి జొన్నలు కావు, సజ్జలు. గాజు గ్లాసు పట్టుకొని కొలతలు తీసేవారికి ఆ మాత్రం తేడా తెలియాలి.”

హోటల్లో చాయ్ గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది. తరువాత పుట్టిన నవ్వు మాత్రం స్టేషను మాస్టరు గది దాకా వినిపించింది.

“గా పిల్ల ఎవరో ఎరికేనా సారూ?” అన్నాడు శంకరయ్య కళ్ళు తుడుచుకుంటూ. “మన గ్యాంగ్‌మన్ జక్కయ్య బిడ్డ, పరంజ్యోతి. మిషన్ బడిల చిన్నపిల్లలకు చదువు చెప్తది. శనివారం నాయిన ఎంట రైలెక్కి పోయి రేడియోల చప్పుళ్ళన్ని తనే జేస్తది.”

“విన్నరు గద, గా పిల్లనే చెప్పింది, అవి సజ్జలని! ఇప్పుడైనా నా మాట నమ్ముతరా?” అన్నాడు సత్యానందం.

“సజ్జలైతేంది సారూ? పడితే పడ్తున్నది గద వాన! అంటే పిల్ల చెయ్యి మంచిదన్నట్టు.”

సత్యానందం ఆ రోజు ఒక సంగతి తెలుసుకున్నాడు. రుజువు చూపిస్తే పుకారు చావదు. ఆ రుజువును కూడా తినేసి ఇంకాస్త బలుస్తుంది.

మరుసటి వారం నాటకం లేదు, హాస్య ప్రహసనం వచ్చింది. అందులో ఒక వాన గుమాస్తా ఉన్నాడు. పెళ్ళిలో పెండ్లికూతురు ఏడుస్తుంటే చెంపకు గ్లాసు ఆనించి, “పదకొండు సెంట్లు! ఇంకొంచెం ఏడవమ్మా, అర అంగుళం అవుతుంది!” అంటాడు. అరుగు మీది వాళ్ళందరూ రేడియోను వదిలి సత్యానందం ముఖం చూస్తూ నవ్వారు. అతను బిగబట్టుకున్నాడు, బిగబట్టుకున్నాడు, చివరికి తానే అందరికంటే గట్టిగా నవ్వేశాడు. గ్లాసు గీతలు లెక్కపెట్టడం నుంచి ఒక్కో సెంటు కోసం ఆరాటపడడం దాకా ఆ ప్రహసనం కొలత తప్పలేదు.

ఆగస్టులో ఒక ఆదివారం, చర్చి ముగిసిన తరువాత, చెరువు కట్ట మీదికి ఇద్దరు మనుషులు ఎక్కి వచ్చారు. ముందు జక్కయ్య, వెనుక చంకలో చేట పెట్టుకొని ఒక అమ్మాయి.

“మీరేనా ఎండిన జొన్నల సారు?” అంది ఆమె.

ఆ గొంతును పరిచయం చేయవలసిన అవసరం లేకపోయింది.

“మీరేనా సజ్జల టీచరమ్మ?”

“నాయినా, సారుకు కోపం పోలే. చూడు, ముక్కు ఎర్రగయింది.”

“ఎండకు” అన్నాడు సత్యానందం.

“మబ్బు పట్టింది సారూ” అన్నాడు జక్కయ్య, ఎవరి పక్షమూ వహించకుండా.

వచ్చిన పని పరంజ్యోతి చెప్పింది. రేడియో వాళ్ళు షామీర్‌పేట చెరువు మీద ఒక శబ్దచిత్రం చేస్తున్నారట. కథ ఉండదు, పాత్రలుండవు. చెరువు చప్పుళ్ళే కథ. మధ్యలో వానను ఎలా కొలుస్తారో తెలిసినవారు రెండు నిమిషాలు మాట్లాడాలి.

“చెరువు మీద వాన పడే చప్పుడు నాకు వస్తలేదు. మీ మాట నిజమే, నా వానల తడి లేదు. గందుకే వచ్చిన” అంది ఆమె. సత్యానందం ఆశ్చర్యపోయేలోగా మళ్ళీ అంది: “నాలుగేండ్ల సంది వానతోటే ఉన్నరు గద. చెరువుల పడ్డ వాన ఎట్ల పలుకుతది?”

“పోయిన ఏడు మొత్తం ఇరవై ఎనిమిది అంగుళాల…”

“ఎంత అని అడగలే సారూ. ఎట్ల అని అడిగిన.”

అతను నాలుగేళ్ళలో ఎంత వాన పడిందో సెంట్లతో సహా చెప్పగలడు. ఒక్క చినుకును కూడా చెవి పెట్టి విన్నట్లు జ్ఞాపకం లేదు.

ఆ వెలితి తీర్చడానికన్నట్లు వాన వచ్చింది. ముగ్గురూ కట్ట మీది రేకుల పాకలోకి పరుగెత్తారు. పరంజ్యోతి కళ్ళు మూసుకొని నిలబడింది. ఆమె వేళ్ళు చేట అంచు మీద మెల్లగా కదులుతున్నాయి. “రేకు మీద మినుములు… దుమ్ము మీద తొలి చినుకులు, బూడిదల శనగలు పడ్డట్టు… చెరువు మీద గింజలు కాదు, వట్టి వేళ్ళు! పళ్ళెంల నీళ్ళు పోసి వేళ్ళ కొసలతోటి…” అని తనలో తాను గొణుక్కుంటూంది. నుదుటి నుంచి జారిన చినుకు ఒకటి ఆమె కనుబొమ్మ మీద ఆగి, ఎటు పోవాలో తేల్చుకోలేక అక్కడే మెరుస్తూంది.

జక్కయ్య దగ్గాడు.

“సారూ, వాన గటు దిక్కున్నది.”

మర్నాటి కొలత ముప్పై రెండు సెంట్లు. పుస్తకంలో ఆ అంకె పక్కన సత్యానందం ఏమీ రాయలేదు. రాయడానికి గడి లేదు.

సెప్టెంబరులో ముగ్గురూ రైలెక్కి నగరానికి వెళ్ళారు. స్టూడియోలో మైకు ముందు సత్యానందం తన కాగితం చదివాడు. సగంలో తలెత్తి చూస్తే, ఎదురుగా పరంజ్యోతి ఇత్తడి పళ్ళెంలోని నీటి మీద పది వేళ్ళతో వాన కురిపిస్తూంది. అతనికి తరువాతి వాక్యం కనిపించకుండా పోయింది. ఆమె ఓరకంటితో చూసి, గుర్తించి, వెంటనే చేట అందుకొని వానను ఉధృతం చేసింది. ఆ జోరువాన చాటున అతను వాక్యాన్ని వెతికి పట్టుకున్నాడు. విన్నవాళ్ళు ఆ ఘట్టమే అద్భుతంగా ఉందన్నారు.

తిరిగి మేడ్చల్‌లో దిగాక, జక్కయ్య లాంతరు తేవడానికి వెళ్ళిన రెండు నిమిషాల్లో ఆమె అడిగింది.

“చెప్పండ్రి, నా వాన ఎన్ని సెంట్లు?”

“కొలువరాదు.”

“కొలతల సారుకే కొలువరాకపోతే ఎట్ల?”

“డబ్బా సరిపోదు జ్యోతీ.”

‘టీచరమ్మ’ అన్న మాట ఆ చీకట్లో ఎక్కడ జారిపోయిందో ఇద్దరిలో ఎవరూ వెతకలేదు.

సెప్టెంబరు ఆఖరుకు నోటుపుస్తకం లెక్క తేలింది. రేడియోలో వాన పడిన శనివారాలు తొమ్మిది. వాటి తరువాత మూడు రోజుల్లో చెరువు మీద వాన పడినవి ఏడు. రేడియోలో వాన లేని శనివారాలు ఎనిమిది. వాటి తరువాత పడినవి ఆరు. అంటే రేడియో ఉన్నా లేకున్నా వానకాలం తన పని తాను చేసుకుపోతూంది. సత్యానందం ఆ లెక్కను గర్వంగా శంకరయ్యకు చూపించాడు.

“చూసినవా! తొమ్మిదింట్ల ఏడు!” అన్నాడు శంకరయ్య మహా సంతోషంగా.

రెండో వరుస చూడమని సత్యానందం అనేలోగా ఆ సంగతి మేడ్చల్ అంతా తిరిగి, జక్కయ్య తల్లి ఎలీషమ్మ చెవిన పడింది. పడడం వేరే రూపంలో పడింది. ఆ గుమాస్తా నీ మనుమరాలి వాన అబద్ధమని పుస్తకం రాస్తున్నాడని.

సరిగ్గా ఆ వారమే సారమ్మ సంబంధం మాట్లాడడానికి వాళ్ళింటికి వెళ్ళింది. సాయంత్రానికి ముఖం వేలాడేసుకొని తిరిగి వచ్చింది.

“జక్కయ్యకు ఇష్టమే బిడ్డా. పిల్లకైతే చెప్పనక్కరలే. గా ముసలమ్మనే తిరకాసు పెట్టింది.”

“ఏమన్నది?”

“‘రేడియోళ్ళనే ప్రశ్నలడిగెటోడు, నా మనుమరాలి చేతిని నమ్ముతడా?’ అన్నది. అక్టోబరు పందొమ్మిది శనివారం నాటకంల పెద్ద వానున్నదట. మంగళారం పొద్దటికి షామీర్‌పేటల వాన పడితే పిల్ల నీది. పడకుంటే బహదూర్‌పల్లి సంబంధం ఖాయం చేస్తదట. గా పొద్దు తనే వచ్చి నీ డబ్బ చూస్తదట.”

సత్యానందం పాత పుస్తకాలు ముందేసుకున్నాడు. నాలుగేళ్ళ అక్టోబరు రెండో సగాలు, మొత్తం అరవై నాలుగు రోజులు. వాన పడినవి ఐదు. జీవితంలో మొదటిసారి అతనికి తన అంకెల మీద కోపం వచ్చింది.

శనివారం మధ్యాహ్నం రైలెక్కే ముందు పరంజ్యోతి అడిగింది. “మీ పుస్తకం ఏమంటాంది?”

“మూడు రోజులు కలిపితే, నాలుగు సార్లల్ల ఒక్కసారి పడొచ్చు. గది గూడ కష్టమే.”

“నేను ఇయ్యాల మస్తు పెద్ద వాన కొడ్త.”

“జ్యోతీ, గవి సజ్జలు.”

“నాకెరికే! కొన్నది నేనే గద!” అంది ఆమె. నవ్వడానికి ప్రయత్నించింది కాని, ఈసారి గొంతులో నవ్వు లేదు.

ఆ సాయంత్రం రేడియోలో అటువంటి వాన అంతకు ముందెన్నడూ కురవలేదు. గంగమ్మ మిరపకాయలతో పాటు మంచం కూడా లోపల వేసుకుంది.

ఆదివారం ఎండ. సోమవారం ఎండ. ఆకాశం తోమిన పళ్ళెంలా మెరిసింది. సోమవారం పొద్దున ఖాళీ సీసా చేతిలో పట్టుకొని సత్యానందం చాలాసేపు నిలబడ్డాడు. ఒక్క సెంటు చాలు. రాసేది తానే, చూసేది తానే. ఇంతవరకు ఏ అధికారీ వచ్చి సరిచూడలేదు. కలం చివర ఒక్క గీత. అయితే ఈ పుస్తకం చూసే కింది పొలాలకు నీళ్ళు వదులుతారు. అతను సున్నా వేసి పుస్తకం మూశాడు. ఆ సాయంత్రం ఎలీషమ్మ, జక్కయ్య, పరంజ్యోతి బండి కట్టుకొని వచ్చి సారమ్మ ఇంట్లో దిగారు.

మంగళవారం ఉదయం ఎనిమిది గంటలకు అందరూ కట్ట మీద ఉన్నారు. ఎలీషమ్మ కర్ర ఆనించుకొని కంచె పక్కనే నిలబడింది. పరంజ్యోతి అందరికంటే వెనుక, చీర కుచ్చెళ్ళు చేత్తో పట్టుకొని నిలబడింది. కాళ్ళ కింద దుమ్ము తెల్లగా లేస్తూంది.

సత్యానందం గరాటు తీశాడు. తీసి, వంగి లోపలికి చూశాడు.

సీసా గొంతు దాకా నిండి ఉంది. పొర్లి డబ్బాలో కూడా నీళ్ళు నిలిచాయి.

“ఏమాయె?” అంది ఎలీషమ్మ.

అతను కొలవడం మొదలుపెట్టాడు. గీతల గ్లాసు ఒకసారి నిండితే అర అంగుళం. ఒకటి. రెండు. మూడు.

“దేవునికి స్తోత్రం!” అంది సారమ్మ. “నడిరాత్రి పడ్డదో, తెల్లారంగ పడ్డదో, మనకు మెలకువే రాలే!”

నాలుగు. ఐదు. ఆరో గ్లాసులో, బియ్యపు గింజంత చేపపిల్ల ఒకటి కంగారుగా చుట్టూ తిరుగుతూంది.

“వానల చేపలు పడ్తయంటరు” అంది సారమ్మ, కాని ఈసారి గొంతు కొంచెం తగ్గించి.

ఏడు. ఎనిమిది. నాలుగు అంగుళాలు.

సత్యానందం తలెత్తాడు. పరంజ్యోతి దూరంగా ఉన్న కొండరాళ్ళను ఎంతో శ్రద్ధగా చూస్తూంది. పట్టుకున్న కుచ్చెళ్ళ అంచుకు చెరువు బురద ఇంకా పచ్చిగా ఉంది. ఇప్పుడు అబద్ధం చెప్పనవసరం కూడా లేదు. గ్లాసు నిజంగానే నిండింది. నోరు మూసుకొని, కనిపించిన అంకె వేస్తే సరిపోతుంది.

“అవ్వా, గిది వాన గాదు” అన్నాడు. “చెరువు నీళ్ళు.”

“మీకెందుకు?” వెనుక నుంచి పరంజ్యోతి అరిచింది. “గ్లాసు నిండింది గద! నిండింది రాయండ్రి!”

“నాలుగు అంగుళాలు పడితే చెరువు నిండి మత్తడి దుంకాలె జ్యోతీ. ఈడ మట్టి గూడ తడువలే.”

ఎలీషమ్మ కర్రతో దుమ్మును ఒకసారి పొడిచి చూసింది. తరువాత అతని ముఖంలోకి చూసింది.

“పుస్తకంల ఏం రాస్తవ్?”

“సున్న.”

“సున్న రాస్తే పిల్ల నీది గాదు. ఎరికేనా?”

“ఎరికే అవ్వా.”

“రాయి మరి. చూస్త.”

అతను రాశాడు. నాలుగేళ్ళలో మొదటిసారి ఆ సున్నా గుండ్రంగా రాలేదు.

పరంజ్యోతికి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. “ఒక్క చెంబు పోస్తే సరిపోతుండె! ఎంత పొయ్యాల్నో తెల్వక కడవ మొత్తం పోస్తి! తెల్లారకముందు కట్టెక్కి, కాళ్ళల్ల పల్లేరుగాయలు ఇరిగి… నేను గింత జేస్తే గీయనేమో సున్న రాస్తడా!”

జక్కయ్య ఆకాశం వైపు చూశాడు, ఆ పూట అక్కడ చూడదగినదేమీ లేకపోయినా.

“నువ్వా?” అంది ఎలీషమ్మ మెల్లగా. “ఇంట్ల బాయికాడి నుంచి ఒక్క బిందె తెమ్మంటే నడుము నొస్తాందంటవ్ గద! ఈడ కడవ మోసినవా?”

ముసలమ్మ భుజాలు కదలడం మొదలయింది. ముందు దగ్గు అనుకున్నారు. అది నవ్వు.

“నేను ఆకాశాన్ని అడిగితి. అది పలుకలే. ఇగ పలికింది నా మనుమరాలే.” ఆమె కర్రతో సత్యానందాన్ని చూపించింది. “లేని వాన పోసెటోళ్ళు ఒకరు, సున్న రాసెటోళ్ళు ఒకరు. ఇద్దరు ఒక్క ఇంట్ల ఉంటెనే ఇల్లు సక్కగుంటది. సారమ్మా, చాయ్ పెట్టు పో. బహదూర్‌పల్లోళ్ళకు నేను చెప్పుకుంట.”

అందరూ దిగిపోయాక, ఆ ఇద్దరూ చేపపిల్లను చెరువులో వదలడానికి నీటి అంచుకు వెళ్ళారు. గ్లాసు ఆమె పట్టుకుంది.

“మీ సున్న వంకరొచ్చింది” అంది.

“చూసినవా?”

“చూడకుంట ఎట్లుంట? నా పెండ్లి గద గా పుస్తకంల రాస్తున్నది.”

గ్లాసు ఒంచింది. చేపపిల్ల వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

డిసెంబరులో మేడ్చల్ చర్చిలో పెండ్లి జరిగింది. శంకరయ్య రేడియోకు పూలదండ వేశాడు. రైలు దిగిన ప్రతివారికీ అతను చాయ్‌తో పాటు ఒక కథ కూడా పోసేవాడు. ఆ శనివారం రేడియోలో కురిసిన వాన దారి తప్పకుండా వెళ్ళి, పక్కన నేల తడపకుండా, సరిగ్గా సారు డబ్బాలోనే పడిందని, అదీ చేపలతో సహా పడిందని. మేడ్చల్‌లో అందరూ నమ్మారు.

షామీర్‌పేట వానకొలత పుస్తకంలో ఆ రోజు పేజీ ఇలా ఉంది: 1946 అక్టోబరు 22, మంగళవారం, ఉదయం ఎనిమిది గంటలు. వర్షపాతం, సున్నా.